ఎండ ఎంత, చీకటి ఎంత: మొక్కలకి వెలుతురు చూసి పెట్టుకోవడం ఎలా

మొక్క పెరగట్లేదు, పువ్వు రావట్లేదు అనగానే మనవాళ్ళలో చాలామంది చేసే మొదటి పని ఎరువు కొనడం. వర్మీ కంపోస్ట్ వేస్తారు, వేపపిండి వేస్తారు, అప్పటికీ కదలకపోతే 19-19-19 నీళ్ళలో కలిపి పోస్తారు, (అది నీళ్ళలో కరిగే ఎరువు పొడి), చివరికి నర్సరీవాడు మంచి మొక్క ఇవ్వలేదని తేల్చేస్తారు. నేను చెప్పేది ఒకటే అండి, ఎరువు సంచీ విప్పేముందు ఆ మొక్క ఉన్నచోట పగలు ఎన్ని గంటలు ఎండ పడుతోందో చూడండి, రాత్రి ఎన్ని గంటలు నిజంగా చీకటిగా ఉంటోందో కూడా చూడండి. మొదటిది కొంతమందైనా చూస్తారు, రెండోది మాత్రం దాదాపు ఎవరూ పట్టించుకోరు, కానీ చామంతి, చిక్కుడు లాంటి వాటికి అదే అసలు సంగతి.

మొక్కకి తిండి ఎరువు కాదు. ఆకు వెలుగుని పట్టుకుని, గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్, వేర్ల నుంచి నీళ్ళు తీసుకుని చక్కెర తయారు చేసుకుంటుంది, అదే దాని తిండి, కాండమైనా కాయైనా అందులోంచే రావాలి. ఎరువు కూరలో ఉప్పు లాంటిది, కావాలి, కానీ కూరే లేనప్పుడు ఉప్పు ఎంత వేసి ఏం లాభం. పగలు చేసుకున్న చక్కెరలో కొంత ఆకులోనే పిండిపదార్థంగా దాచిపెట్టుకుని రాత్రి దాన్ని కరిగించి వాడుకుంటుంది, అంటే రాత్రి మొక్క ఊరికే ఉండదు, పగటి సంపాదన ఖర్చుపెడుతూ పెరిగే పని చేస్తూనే ఉంటుంది.

ఇంకో సంగతి ఉంది. వెలుగు మొక్కకి తిండే కాదు, కబురు కూడా. ఏ కాలం నడుస్తోంది, పక్కన ఇంకో మొక్క ఉందా, నేను మట్టిలోంచి బయటికి వచ్చానా లేదా, ఇవన్నీ మొక్క వెలుగుని బట్టే తెలుసుకుంటుంది. తిండికి చాలా వెలుగు కావాలి, కబురుకి కొంచెం చాలు. వీధి దీపం వెలుగుతో ఏ మొక్కా బతకలేదు, కానీ చామంతి మొగ్గ వేయకుండా ఆపడానికి అదే వెలుగు సరిపోతుంది. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ముందు కొలవండి

మన కన్నుని నమ్మొద్దు. వెలుగు తగ్గితే కంటిపాప పెద్దదై సర్దుకుంటుంది కాబట్టి హాల్లో సోఫా పక్కన కూడా మనకి బాగా వెలుతురుగానే కనిపిస్తుంది. అసలు లెక్క వేరు. వెలుగుని లక్స్ అనే కొలతలో చెప్తారు, మధ్యాహ్నం నేరుగా పడే ఎండ దాదాపు 1 లక్ష లక్స్ ఉంటుంది, పగలు కిటికీకి ఆనుకుని ఉన్న చోట ఎండ నేరుగా పడకపోతే వెయ్యి రెండువేలు ఉంటుంది, అదే గదిలో మూల సోఫా దగ్గర 100 నుంచి 200 అంతే. అంటే మనకి కొంచెం మసకగా అనిపించే చోట మొక్కకి వందల రెట్లు తక్కువ వెలుగన్నమాట. ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ ఫ్రీగా దొరుకుతుంది, మొక్క ఆకు ఉండే ఎత్తులో ఫోన్ స్క్రీన్ పైకి పెట్టి చూడండి. పక్కా లెక్క రాదు గానీ ఈ చోటుకీ ఆ చోటుకీ తేడా బాగా తెలిసిపోతుంది.

యాప్ కూడా వద్దనుకుంటే మధ్యాహ్నం పూట ఒక తెల్ల కాగితం మొక్క పక్కన పెట్టి దానికి అడుగు పైన చెయ్యి చాపండి. చేతి నీడ వేళ్ళతో సహా చెక్కినట్టు నల్లగా పడితే అక్కడ కూరగాయలు పండుతాయి. చెయ్యి అని తెలుస్తుంది గానీ అంచులు మసగ్గా ఉంటే ఆకుకూరల వరకు లాగొచ్చు. నీడ ఉందో లేదో తెలీనంత పలచగా ఉంటే అక్కడ మనీప్లాంట్, స్నేక్ ప్లాంట్, ఆగ్లోనిమా లాంటివే, వాటికి కూడా అది బతికే వెలుగేగానీ బాగా పెరిగే వెలుగు కాదు.

అన్నిటికంటే మంచిది, ఒక ఆదివారం ఇంట్లోనే ఉండి పొద్దున 7 నుంచి గంటకోసారి బాల్కనీ ఒక ఫోటో తీసి పెట్టుకోవడం. సాయంత్రం ఆ ఫోటోలు వరసగా చూస్తే ఏ కుండీ మీద ఎన్ని గంటలు ఎండ పడిందో తేలిపోతుంది. ఇది ఒక్కసారి చేస్తే చాలదు, జనవరిలో ఒకసారి, మేలో ఒకసారి చేయాలి, ఎందుకో చెప్తాను.

మనం తూర్పు బాల్కనీ, దక్షిణం బాల్కనీ అని ఒక్కసారి పేరు పెట్టేసి ఏడాది పొడుగునా అలాగే ఉంటుందనుకుంటాం, కానీ సూర్యుడు ఉత్తరాయణంలో ఉత్తరానికి, దక్షిణాయనంలో దక్షిణానికి జరుగుతాడని చిన్నప్పటి నుంచీ వింటున్నదే కదా, అది కుండీల దగ్గర నిజంగా పనికొచ్చే విషయం. హైదరాబాద్‌లో డిసెంబర్ నెలాఖరుకి మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, అంటే దక్షిణం బాల్కనీలోకి ఎండ ఏటవాలుగా లోపలి దాకా వచ్చేస్తుంది, ఒక్కోసారి గది గడప కూడా దాటుతుంది. మే 9 ప్రాంతంలో సరిగ్గా నెత్తి మీదకి వస్తాడు, దాన్నే జీరో షాడో డే అంటున్నారు, నిలబెట్టిన కర్రకి నీడే పడదు. మళ్ళీ ఆగస్ట్ 3 దగ్గర అదే జరుగుతుంది. ఈ రెండు తేదీల మధ్య మధ్యాహ్నం సూర్యుడు మనకి కొంచెం ఉత్తరం వైపు ఉంటాడు. అందుకే చలికాలమంతా టమాటాలు కాసిన దక్షిణం బాల్కనీలో జూన్ వచ్చేసరికి పై శ్లాబు అడ్డొచ్చి నేరుగా ఎండే పడదు, అదే సమయంలో ఎప్పుడూ ఎండ ఎరగని ఉత్తరం బాల్కనీలోకి పొద్దున, సాయంత్రం కాస్త ఎండ వస్తుంది. మొక్క ఉన్నట్టుండి డల్ అయ్యిందని మందులు కొట్టేవాళ్ళు ముందు ఇది చూసుకోవాలి. తిరుపతి వైపు ఈ నెత్తిమీది సూర్యుడు ఇంకా ముందే, ఏప్రిల్ చివర్లోనే వచ్చేస్తాడు.

ఏది ఎక్కడ

కాయ కాసేవి, పువ్వు పూసేవి ఎండ అడుగుతాయి, ఆకు ఇచ్చేవి కొంచెం సర్దుకుంటాయి, ఇది మోటు లెక్క అయినా చాలావరకు పనిచేస్తుంది. టమాటా, వంగ, మిరప, బెండ, బీర, సొర, గులాబీ, బంతి వీటికి రోజుకి 6 గంటలు నేరుగా ఎండ ఉండాలి. మల్లె కూడా అంతే, నీడలో పెడితే తీగ ఏపుగా పచ్చగా పెరిగి చూడ్డానికి బాగుంటుంది గానీ ఎండాకాలంలో నాలుగు మొగ్గలు కూడా కోసుకోలేరు. కరివేపాకు, తులసి ఇంట్లో ఏదో ఒక మూల పెట్టి కాపాడాలని చూస్తారు, రెండూ ఎండ మొక్కలే, తులసికోటని పెరట్లో ఆరుబయట కట్టిన పెద్దవాళ్ళకి ఆ సంగతి తెలుసు. పాలకూర, మెంతికూర, కొత్తిమీర, పుదీనా 3, 4 గంటల పొద్దుటి ఎండతో సరిపెట్టుకుంటాయి.

నీడ అంటే తక్కువ చోటు అని అనుకోవద్దు. నీడే కావాల్సిన పంటలు మన దగ్గర చాలా ఉన్నాయి. తమలపాకు తోటలు చూస్తే అవిసె చెట్లు పెంచి వాటికే తీగ పాకించి, ఆ పలచని నీడలో ఆకు తీస్తారు, నేరుగా ఎండ తగిలితే ఆకు ముదురు తేలి మాడిపోతుంది. అరకులో కాఫీ సిల్వర్ ఓక్ చెట్ల కింద పెరుగుతుంది. గోదావరి జిల్లాల్లో కొబ్బరితోటల్లో కోకో వేస్తారు, కొబ్బరాకుల సందుల్లోంచి దిగే వెలుగు దానికి సరిపోతుంది. ఇంట్లో కూడా తమలపాకు, పసుపు, అల్లం లాంటివి కొంచెం నీడ చోట పెట్టుకుని ఎండ చోటంతా టమాటాకి, మిరపకి వదిలేయండి, చోటు తక్కువ ఉన్నవాళ్ళకి ఇదే తెలివైన పని.

విత్తనం దగ్గర, నారు దగ్గర

పిల్లలుంటే ఇది తప్పకుండా చేయించండి. రెండు గిన్నెల్లో తడిబట్ట పరిచి కొన్ని పెసలు వేసి ఒకటి కిటికీలో, ఇంకోటి అల్మారాలో మూసి పెట్టండి. ఐదారు రోజులకి తీసి పక్కపక్కన పెడితే, కిటికీలోది పొట్టిగా, కాండం గట్టిగా, ఆకులు విప్పుకుని పచ్చగా ఉంటుంది, అల్మారాలోది దానికి రెండు మూడింతలు పొడుగు ఉంటుంది, కాండం తెల్లగా నీళ్ళు నిండినట్టు, పట్టుకుంటే విరిగేలా ఉంటుంది, ఆకులు పసుపుపచ్చగా చిన్నగా ముడుచుకుని, తల కొక్కెంలా వంగి ఉంటుంది. పొడుగు చూసి బాగా పెరిగింది అనుకుంటాం, కానీ అది పెరగడం కాదు, వెలుగు కోసం వెతుక్కోవడం. గింజలో ఉన్న నిల్వ అంతా పొడుగుకే పెట్టేస్తోంది, మట్టిలో ఉన్నాననుకుంటోంది కాబట్టి మెత్తటి చిగురు రాసుకుపోకుండా తల వంచుకుని పైకి తోసుకొస్తోంది. ఆ గిన్నెని తీసి వెలుగులో పెడితే ఆ కొక్కెం నిటారుగా తిరగడం, ఆకు పసుపు నుంచి పచ్చగా మారడం ఒకటి రెండు రోజుల్లో మన కళ్ళముందే జరుగుతుంది. పెళ్ళిళ్ళలో పాలికల్లో నవధాన్యాలు వేస్తారు కదా, గదిలో పెట్టినవి పాలిపోయి సన్నగా పొడుగ్గా లేవడానికి కారణం ఇదే.

దీన్నుంచి నారు పోసేవాళ్ళు తీసుకోవాల్సింది ఏంటంటే, ట్రే మీద కవరు కప్పి లోపల పెట్టడం మొలక కనిపించేదాకానే. మొదటి మొలక మట్టి పగలగొట్టుకుని తల ఎత్తిన రోజే వెలుగులోకి తేవాలి, రేపు తెద్దాంలే అనుకుంటే ఆ ఒక్క రోజుకే టమాటా నారు దారంలా సాగిపోతుంది. సాగిపోయిన టమాటా నారుని పారేయక్కర్లేదు, కుండీలోకి మార్చేటప్పుడు కింది ఆకులు తీసేసి కాండాన్ని లోతుగా పాతిపెట్టండి, పాతిన కాండానికి కూడా వేర్లు వస్తాయి. వంగ, మిరపలకి ఇది అంత బాగా పనిచేయదు, వాటిని మొదటి నుంచీ వెలుగులోనే పెంచుకోవాలి.

తోటకూర ఒత్తుగా చల్లినా ఇదే గోల, ఎండలోనే ఉన్నా సాగిపోతుంది. ఆకుపచ్చటి ఆకు ఎర్ర వెలుగుని పీల్చేసుకుని, మన కంటికి సరిగ్గా ఆనని దూరపు ఎరుపుని వదిలేస్తుంది. పక్క మొక్కల ఆకుల్లోంచి వచ్చిన వెలుగులో ఆ దూరపు ఎరుపు పాలు ఎక్కువ ఉండేసరికి, చుట్టూ పోటీ ఉందని మొక్కకి తెలిసిపోయి ఆకు మానేసి కాడ పెంచుతుంది. అందుకే వేలెడు ఎత్తు రాగానే పలచన చేయాలి, పీకినవి ఎలాగూ పప్పులోకి పోతాయి.

కుండీ తిప్పడం మర్చిపోవద్దు. కిటికీ దగ్గర మొక్క ఒకవైపే వాలుతుంది, ఎందుకంటే ఆక్సిన్ అనే పెరుగుదల రసాయనం వెలుగు పడని వైపుకి చేరుతుంది, ఆ వైపు కణాలు ఎక్కువ సాగి మొక్క వెలుగు వైపు వంగుతుంది. డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ గడ్డి మొలకల తలకి చిన్న టోపీ పెట్టి చూసి, వెలుగుని కనిపెట్టేది చివరి కొసే అని, వంగేది మాత్రం కింది భాగమని 1880లోనే రాశారు. మనం చేయాల్సింది మూడు నాలుగు రోజులకోసారి కుండీని పావు వంతు తిప్పడం, అంతే.

కలుపు విత్తనాల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కొన్ని సన్న విత్తనాలు వెలుగు తగిలితేనే మొలుస్తాయి, లెట్యూస్ అలాంటిదే, దాన్ని లోతుగా పాతితే రాదు, పైన చల్లి అలా అద్దితే చాలు. చాలా కలుపు మొక్కలదీ అదే పద్ధతి, మట్టిలో ఏళ్ళతరబడి ఉండి మనం గుల్ల చేసినప్పుడు తగిలిన కాస్త వెలుగుకే లేస్తాయి. కాబట్టి కుండీ మట్టి కదిపిన వెంటనే పైన ఎండుటాకులో, కొబ్బరిపీచో పరిచి వెలుగు మూసేయండి. ధనియాలు, మెంతులు లాంటి పెద్ద గింజలకి ఈ బాధ లేదు, అర అంగుళం మట్టి కప్పొచ్చు.

చీకటి కావాలని పెట్టే చోట్లు కూడా ఉన్నాయి. బంగాళాదుంప పెంచేవాళ్ళు కాండం చుట్టూ మట్టి ఎగదోస్తారు, దుంప బయటపడి వెలుగు తగిలితే పచ్చబడుతుంది, పచ్చదనం వల్ల నష్టం లేదు గానీ దాంతోపాటే సొలనిన్ అనే చేదు విషపదార్థం పెరుగుతుంది. వంటింట్లో కూడా బంగాళాదుంపల బుట్ట కిటికీ దగ్గర పెట్టొద్దు, పచ్చబడిన దుంప పిల్లలకి వండొద్దు. కాలీఫ్లవర్ పువ్వు పిడికెడు సైజు రాగానే దాని ఆకులే పైకి మడిచి కడితే తెల్లగా ఉంటుంది, లేకపోతే ఎండకి పసుపు తిరుగుతుంది.

రాత్రి పొడుగు

అసలు చెప్పాలనుకున్నది ఇది. 1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు ఒక పొగాకు రకం ఎండాకాలమంతా మనిషిని మించి పెరుగుతూ పువ్వు ఎందుకు వేయట్లేదా అని చూసి, దానికి కావాల్సింది పొట్టి పగలు అని తేల్చారు. 1938లో హామ్నర్, బోనర్ ఇంకో అడుగు వేసి, మొక్క లెక్కపెట్టేది పగటిని కాదు, మధ్యలో తెగని రాత్రిని అని చూపించారు. వాళ్ళు వాడింది మనకి బాగా తెలిసిన మొక్కే, మరులమాతంగి, రోడ్డు పక్కన బీళ్ళలో ఉండి గొర్రెల బొచ్చుకీ పంచెలకీ అంటుకునే ముళ్ళకాయ మొక్క. దానికి ఎనిమిదిన్నర గంటలు దాటిన చీకటి ఒక్క రాత్రి దొరికితే చాలు పూతకి వెళ్ళిపోతుంది, ఆ రాత్రి మధ్యలో కొన్ని నిమిషాలు లైటు వేస్తే మాత్రం వెళ్ళదు.

చామంతి దగ్గర ఇది రోజూ కనబడుతుంది. గేటు పక్కన వరసగా కుండీలు పెట్టిన ఇళ్ళు గమనించండి, కార్తీకం వచ్చేసరికి గోడ చాటున ఉన్న కుండీలకి కొమ్మ కొమ్మకీ బఠాణీ గింజంత మొగ్గలు ఉంటాయి, వీధి దీపం పడే వైపు కుండీలు మాత్రం ఆకులతో గుబురుగా, ఆరోగ్యంగా, ఒక్క మొగ్గ లేకుండా ఉంటాయి. నేల ఒకటే, నీళ్ళు ఒకటే, ఎరువు ఒకటే. ఆ మొక్కకి ఇంకా రాత్రి అవ్వలేదు, అంతే. పూలతోటల రైతులు ఇదే సూత్రాన్ని కావాలని వాడతారు, మొక్క బాగా ఎదిగేదాకా పాలీహౌస్‌లో రాత్రి 10 నుంచి 2 దాకా లైట్లు వేసి మొగ్గ ఆపుతారు, తర్వాత లైట్లు తీసేసి అవసరమైతే నల్ల గుడ్డ కప్పి అన్నిటికీ ఒకేసారి మొగ్గ తెప్పిస్తారు, అందుకే పండగ టైమ్‌కి సరిగ్గా పూలు దింపగలుగుతారు.

ఇంట్లో చేయాలంటే, దసరా ప్రాంతం నుంచి రోజూ సాయంత్రం 6 కి కుండీ మీద పెద్ద అట్టపెట్టె బోర్లించండి, పొద్దున 7 కి తీసేయండి. నల్ల బట్ట అయితే రెండు పొరలు వేసి నాలుగు కర్రల మీద నిలబెట్టండి, పాలిథీన్ కవర్ వద్దు, లోపల ఉక్కపోసి ఆకు కుళ్ళుతుంది. పగలు మాత్రం పూర్తి ఎండ ఇవ్వాలి, చీకటి పెడుతున్నాం కదా అని పగలు కూడా నీడలో ఉంచితే మొగ్గ వేయడానికి శక్తే ఉండదు. ఒక రోజు మర్చిపోతే కొంప మునిగిపోదు గానీ వారానికి రెండు మూడు రోజులు మర్చిపోతే పని జరగదు. మొగ్గల్లో రంగు కనిపించాక ఇక కప్పక్కర్లేదు. డిసెంబర్‌లో ఎర్రాకులతో అమ్మే పాయిన్‌సెట్టియా మరుసటి ఏడాది ఎర్రబడట్లేదంటే దానికీ ఇదే మందు, అక్టోబర్ నుంచి రెండు నెలల పాటు రోజూ 13, 14 గంటల చీకటి. అసలు తేలికైన దారి, వీధి దీపం పడని చోటుకి కుండీ జరపడం, వరండా లైటు పడుకునేముందు ఆపేయడం.

మన పొలాల్లోనూ ఇదే లెక్క నడుస్తుంది. హైదరాబాద్‌లో జూన్‌లో పొడుగు పగలు 13 గంటల 10 నిమిషాలు, డిసెంబర్‌లో పొట్టి పగలు 11 గంటల 5 నిమిషాలు, తేడా రెండు గంటలే, అయినా పాతకాలపు కందికి అది చాలు. తాండూరు వైపు జూన్‌లో వేసిన కంది వానాకాలమంతా కొమ్మలు వేసుకుంటూ పెరిగి రాత్రులు పొడుగయ్యాకే పూతకి వస్తుంది, అదే కందిని రబీలో వేస్తే మొక్క ఎదగకముందే పూతకి వచ్చి పొట్టిగా ఉండిపోతుంది, అందుకే రబీ కందిని దగ్గర దగ్గరగా వేయమంటారు. పందిరి చిక్కుడూ అంతే, చలికాలంలో కాస్తుంది. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం చేసి సూర్యుడికి పెడతాం, పొడుగు రాత్రులు దాటి సూర్యుడు ఉత్తరానికి మళ్ళే ఆ రోజుల్లోనే పందిరి నిండా కాయ ఉంటుంది. డ్రాగన్ ఫ్రూట్ దీనికి తిరగబడ్డ కేసు, దానికి పొడుగు పగలు కావాలి, అందుకే వియత్నాంలో చలికాలం తోటల నిండా బల్బులు వెలిగించి కాయిస్తారు, మన రైతులు కూడా కొందరు ఎల్‌ఈడీలు పెట్టి సీజన్ కానప్పుడు పూత తెప్పిస్తున్నారు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఎప్పుడూ అడిగే ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే ఉంది. చిక్కుడు తీగ కంచె అంతా పాకేసింది, సెప్టెంబర్ దాకా పువ్వు లేదు, పువ్వు వచ్చేలోపు మంచు పడి పోయింది అంటారు. న్యూజెర్సీలో జూన్ పగలు 15 గంటలు, డాలస్‌లో కూడా 14 దాటుతుంది, అంత చిన్న రాత్రిలో మన పందిరి చిక్కుడు పూయదు. పగటి పొడుగుతో సంబంధం లేని పొద చిక్కుడు రకాలు వెతకండి, బెంగళూరు ఐఐహెచ్‌ఆర్ (ఉద్యాన పంటల పరిశోధన సంస్థ) వాళ్ళ అర్క జయ్, అర్క విజయ్ అలాంటివే. విత్తనాలు అక్కడి అమ్మకందార్ల దగ్గరే కొనండి, ఇక్కడి నుంచి సూట్‌కేసులో తీసుకెళ్తే ఎయిర్‌పోర్ట్‌లో ఇబ్బంది. కుండీలో పెంచుతుంటే జూలై నుంచి సాయంత్రం 6 కి కప్పి పొద్దున 8 కి తీసే పద్ధతి కూడా పనిచేస్తుంది. గోంగూరకి మాత్రం ఇదే వరం, పువ్వుకి వెళ్ళకుండా సమ్మర్ అంతా ఆకు ఇస్తూనే ఉంటుంది. ఉల్లి విషయంలో జాగ్రత్త, మన ఉల్లి రకాలు పొట్టి పగటివి, టెక్సస్ లాంటి దక్షిణం రాష్ట్రాల్లో చలికాలం నాటుకుంటే గడ్డ కడతాయి, ఉత్తరాన ఏప్రిల్‌లో నాటితే మొక్క ఎదగకముందే గోలీ అంత గడ్డ కట్టి ఊరుకుంటాయి, అక్కడ పొడుగు పగటి రకాలే కొనాలి.

ఎండ ఎక్కువైతే

ఏప్రిల్, మే నెలల్లో మన సమస్య తిరగబడుతుంది. 50 శాతం షేడ్ నెట్ కట్టండి, కూరగాయలకి అది చాలు, 75 శాతం కడితే ఎండ తగ్గుతుంది గానీ కాపు కూడా పోతుంది. మొక్క నెత్తికి తగిలేలా కట్టొద్దు, గాలి ఆడేలా రెండు మూడు అడుగులు పైన ఉండాలి. పడమటి ఎండకి గోడ కూడా కాగిపోయి రాత్రి దాకా వేడి వదులుతుంది కాబట్టి ఆ గోడకి ఆనించిన కుండీలు ముందు జరపండి. కొత్తిమీర ఎండాకాలంలో ఆకు వేయకుండా పువ్వుకి పోతోందంటే పొడుగు పగలు, వేడి రెండూ కలిసి చేస్తున్న పని అది, నెట్ కింద వేసి నెలలోపే కోసేసుకోవడం తప్ప మార్గం లేదు. టమాటా, క్యాప్సికం కాయ మీద కాగితంలా తెల్లటి మచ్చ వస్తే అది తెగులు కాదు, ఎండదెబ్బ, ఆ కాయ మీద నీడ పడేలా ఆకులు ఉంచండి, ఆకులు మరీ గీకేయొద్దు.

నీడలో ఉన్న మొక్కని ఒక్కసారిగా ఎండలో పెట్టడం అన్నిటికంటే చెడ్డ పని. నీడలో వచ్చిన ఆకు పలచగా వెడల్పుగా ఉంటుంది, అది నేరు ఎండకి తట్టుకోలేదు, రెండు రోజుల్లో తెల్లబారి మాడుతుంది. నర్సరీలో నెట్ కింద ఉన్న మొక్క తెచ్చినప్పుడు మొదట రోజుకి గంట పొద్దుటి ఎండ, తర్వాత రెండు, అలా వారం పది రోజుల్లో అలవాటు చేయండి. మాడిన ఆకు మళ్ళీ బాగవదు గానీ కొత్త ఆకు ఎండకి తగినట్టే మందంగా వస్తుంది.

ఇంట్లో, లైట్ల కింద

ఇంట్లో మొక్కలు ఎక్కువ చచ్చిపోయేది చీకటి వల్ల నేరుగా కాదు, చీకట్లో ఉన్న మొక్కకి ఎండలో మొక్కకి పోసినన్ని నీళ్ళు పోయడం వల్ల. వెలుగు తక్కువైతే నీళ్ళు తాగడమూ తక్కువే, మట్టి ఆరదు, వేర్లు కుళ్ళుతాయి. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో పెట్టి పొడిగా ఉంటేనే పోయండి. వానాకాలం మబ్బు పట్టిన వారాల్లో బాల్కనీలో కూడా ఇదే పాటించాలి, ఆ రోజుల్లో ఎరువు కూడా ఆపేయాలి.

గ్రో లైట్, అంటే మొక్కలు పెంచడానికి పెట్టే లైటు, ఊదారంగుదే కానక్కర్లేదు. నీలం వెలుగు మొక్కని పొట్టిగా గట్టిగా ఉంచుతుంది, ఎరుపు తిండి తయారీకి బాగా పనికొస్తుంది, మామూలు తెల్ల ఎల్‌ఈడీలో రెండూ ఉంటాయి. నారుకి, మెంతి, ఆవ మైక్రోగ్రీన్స్‌కి 20 వాట్ల 4 అడుగుల ట్యూబు చాలు, టమాటా కాయించాలంటే మాత్రం చాలదు. దూరమే ముఖ్యం, ఆకుకి 20, 25 సెంటీమీటర్ల పైన ఉండాలి, సీలింగ్‌కి ఉన్న ట్యూబు మొక్కకి లేనట్టే లెక్క. గొలుసుతో వేలాడదీస్తే మొక్క పెరిగేకొద్దీ పైకి జరుపుకోవచ్చు. పాత ఫిలమెంట్ బల్బు పెట్టొద్దు, దాని వెలుగులో దూరపు ఎరుపు, వేడి ఎక్కువ, మొక్క ఇంకా సాగిపోతుంది.

24 గంటలూ వెలిగిస్తే రెట్టింపు పెరుగుతుందని కూడా అనుకోవద్దు. టమాటాకి రాత్రి లేకుండా చేస్తే ఆకులు పసుపు మచ్చలు పడి పాడవుతాయి. మొక్కకి లోపల గడియారం ఉంటుంది, సాయంత్రానికి చింతాకు ముడుచుకోవడం చూశారుగా, 1729లో దమేరాన్ అనే ఫ్రెంచ్ ఆయన పగలు ఆకులు తెరిచి రాత్రి అలా మూసే ఒక మొక్కని చీకట్లో పెట్టి చూస్తే వెలుగు లేకపోయినా వేళకి తెరుస్తూ మూస్తూనే ఉందట. ఆ గడియారాన్ని మనం చెడగొట్టకూడదు. ప్లగ్‌కి పెట్టే టైమర్ ఒకటి కొని పొద్దున 6 నుంచి రాత్రి 8 దాకా 14 గంటలు సెట్ చేసేయండి, నారుకి ఆకుకూరలకి అంతే. అదే గదిలో చామంతి, పాయిన్‌సెట్టియా కుండీలు ఉంటే మాత్రం సాయంత్రం 6 కే వాటిని వేరే గదికి మార్చేయండి, అక్కడ కూడా రాత్రి మధ్యలో ఎవరూ లైటు వేయకుండా చూసుకోండి.